డివైడర్ మీద ముత్యమ్మ

పొద్దున ఆరుకల్లా హరిచందన హైవే పక్కన ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుంది. ఒళ్ళో అట్ట, అట్ట మీద కాగితం, కాగితం నిండా గళ్ళు. లారీ పోతే ఒక గీత, బస్సు పోతే ఒక గీత, కారుకీ ఆటోకీ మోటారు సైకిలుకీ దేని గడి దానిదే. నాలుగు నిలువు గీతలు పడ్డాక ఐదోది అడ్డంగా కొట్టాలి. పావుగంటకోసారి కొత్త వరస మొదలుపెట్టాలి. నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివింది ఈ గీతలు గీయడానికేనా అని వాళ్ళమ్మ వీరలక్ష్మి రోజూ అడుగుతుంది. అడిగి, టిఫిన్ డబ్బా చేతికిచ్చి పంపిస్తుంది.

గీతలకో కారణం ఉంది. చిట్కుల్ మలుపు దాటాక, ఊరి వైపు, ఐదంతస్తుల భవనం ఒకటి రాబోతోంది. అందులో అన్నీ డాక్టర్ల గదులే. గుండెకొకరు, ఎముకలకొకరు, ఊపిరితిత్తులకొకరు, కింద స్కానింగు. అది వస్తే బండ్లు ఎన్ని పెరుగుతాయి, గేటు ముందు ఎంత బారున నిలిచిపోతాయి, నడిచి రోడ్డు దాటేవాళ్ళు ఎంతసేపు ఆగాల్సి వస్తుంది, ఇవన్నీ లెక్కగట్టి రిపోర్టు ఇస్తే గానీ పర్మిషన్ రాదు. ఆ రిపోర్టు రాసే ఆఫీసు సుధీర్‌ది. హరిచందన అందులో చేరి ఏడాదైంది.

నడిచేవాళ్ళ లెక్క బాలరాజ్ చూస్తున్నాడు. చిట్కుల్ వాడే. మనిషి రోడ్డంచుకు రాగానే చేతిలో గడియారం నొక్కుతాడు, అవతలి అంచున రెండు కాళ్ళూ పెట్టగానే మళ్ళీ నొక్కుతాడు. ఆ రోజు ఏడు గంటలకు అతనికో సందేహం వచ్చింది.

"మేడం, మా పెద్దమ్మను ఏ గడిల రాయాలె?"

హరిచందన తలెత్తి చూసింది. డివైడర్ మీద ఎర్రగన్నేరు మొక్కల నడుమ ముత్యమ్మ కూర్చుని గోంగూర గిల్లుకుంటోంది.

ముత్యమ్మ సంగతి ఆ దారిన పోయే డ్రైవర్లందరికీ తెలిసిందే. నాలుగేళ్ళ రెండు నెలల కిందట పాశమైలారంలో ఒక కంపెనీలో ఊడ్చే పని ముగించుకుని ఇంటికి వస్తూ సగం రోడ్డు దాటింది. డివైడర్ ఎక్కింది. మిగతా సగం దాటడానికి సందు దొరకలేదు. ఆమె నడకకు పదకొండు సెకన్లు కావాలి. పదకొండు సెకన్ల సందు ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. వెనక్కి పోదామన్నా అంతే. మిగతావాళ్ళు ఆమె పక్కనుంచే ఉరుక్కుంటూ దాటిపోయేవారు. ఆమె కాలు కింద పెట్టబోతే మాత్రం ఎక్కడినుంచో ఒక టిప్పరు వచ్చేది.

ఆమె ఎదుట బండ్లు ఆగవు, అంతే. ఒకసారి పోలీసులు తాడు కట్టి ఆపబోయారు. డ్రైవర్లు పాపం బ్రేకులు తొక్కారు. లారీలు మెల్లగా, మర్యాదగా తాడు తెంపుకుని పోయాయి. డివైడర్ వెంబడే నడిచి పై సిగ్నల్ దాకా పోయింది ముత్యమ్మ. ఆమె అక్కడ నిలబడినంతసేపు దీపం పచ్చగానే ఉండిపోయింది. చేయి పట్టుకుని దాటిద్దామని బాలరాజ్ వెళ్ళి, తనూ మూడు రోజులు ఇరుక్కుపోయాడు. చేయి వదిలాకే దాటగలిగాడు. ఎన్నికలప్పుడు ఆమెకు ఓటరు స్లిప్పు ఠంచనుగా డివైడర్ మీదికే వచ్చింది. పోలింగ్ బూత్ అవతల ఉంది.

ఆమె భర్త ఐలన్న రోజూ పొద్దున్నే ఊరి వైపు రోడ్డంచున వచ్చి కూర్చునేవాడు. సద్దిగిన్నె కంపెనీ బస్సు క్లీనరుకు ఇస్తే, అతను ఎడమ తలుపులో అందుకుని కుడి కిటికీలోంచి ముత్యమ్మకు అందించేవాడు. తర్వాత ఇద్దరూ లారీల చప్పుడు మీద నుంచి కేకలేసుకుంటూ మాట్లాడుకునేవారు.

"దమ్ము గోలీలు ఏస్కున్నవా?"

"ఏస్కున్న!"

"అబద్దమాడకు! నీ గొంతే చెప్తాంది!"

ఐలన్నకు దమ్ము చాలాకాలంగా ఉంది. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకోవాలి. తనే వచ్చి భార్య దగ్గర ఉంటానని ఒకటికి పదిసార్లు అన్నాడు. "ఈ పొగల నువ్వు ఒక్క పూట బతకవు, ఈడికి రాకు" అని ఆమె ఒట్టు పెట్టింది.

హరిచందన టేపు పట్టుకుని డివైడర్ వెడల్పు కొలవడానికి వెళ్ళింది. కొలుస్తూ కొలుస్తూ అసలు మాట చెప్పేసింది.

"అవ్వా, ఇక్కడ దాటేవాళ్ళు మరీ ఎక్కువసేపు ఆగాల్సి వస్తోందని లెక్క తేలితే, భవనం కట్టేవాళ్ళే ఫుట్ ఓవర్ బ్రిడ్జి వేయించాలి. డివైడర్ మీదికి కూడా మెట్లు దించమని రాస్తాను. మీరు ఎక్కి, పైనుంచి పోయి, అవతల దిగిపోవచ్చు."

ముత్యమ్మ గోంగూర కట్ట పక్కన పెట్టింది. "మెట్లా? మోకాళ్ళు నొస్తయి గని ఎక్కుత బిడ్డా. ఎన్ని మెట్లయినా ఎక్కుత. ఆయిన ఒక్కడే ఉండి సరిగ తింటలేడు. జెర జల్దీ రాయి."

హరిచందన రాసింది. మూడు రోజుల్లో దాటినవాళ్ళు రెండు వేల చిల్లర. వాళ్ళ కింద చివరి వరసలో ముత్యమ్మ పేరు, ఆగిన సమయం పదమూడు కోట్ల పదిహేను లక్షల సెకన్లు. సగటు తీస్తే మనిషికి పద్దెనిమిది గంటలు వచ్చింది.

సుధీర్ కంప్యూటర్ ముందుకు వంగి ఆ వరస చూశాడు. నవ్వలేదు, కోప్పడలేదు.

"ఇది తీసెయ్యమ్మా."

"నిజమే కదండీ సార్. నాలుగేళ్ళ నుంచీ..."

"నిజం కాదని ఎవరన్నారు? దాటినవాళ్ళ లెక్క కదా మనది. ఆవిడ ఇంకా దాటలేదు. దాటాక రాద్దాం." కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "గేటుకి ఎదురుగా బ్రిడ్జి వస్తే భవనం కనపడదని కట్టేవాళ్ళ గోల. బండ్ల బారు చూడు, మూడు రోజులూ సున్నా. ఇంత మంచి రిపోర్టు నా సర్వీసులో రాలేదు. దీన్నెందుకు పాడు చేయడం? మీ నాన్నగారికి మాటిచ్చి తీసుకున్నాను నిన్ను, అది మర్చిపోకు."

హరిచందన వాళ్ళ నాన్న వెంకటేశ్వరరావు పెద్ద ప్లాంటులో ముప్పై మూడేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఎవర్నీ ఏదీ అడిగి ఎరగడు. కూతురి కోసం సుధీర్ ఇంటికి రెండుసార్లు వెళ్ళి, వాకిట్లో చెప్పులు విప్పి నిలబడ్డాడు. ఆ చెప్పులే కళ్ళముందు కనపడ్డాయి ఆ పిల్లకి. వరస మీద మౌస్ పెట్టి తీసేసింది. సగటు నలభై సెకన్లకు దిగింది. 'తయారుచేసినవారు' అన్నచోట సంతకం పెట్టేటప్పుడు ఆమెకు సిగ్గేసింది. సిగ్గుతోనే పెట్టింది.

ఆ తర్వాత ఆఫీసు బండిలో ఆ దారిన పోవాల్సి వచ్చినప్పుడల్లా సరిగ్గా చిట్కుల్ మలుపు రాగానే ఫోన్‌లోకి తల దించేసేది.

ఏడాదిన్నరలో భవనం లేచింది. నిలువెల్లా అద్దాలు. ప్రారంభోత్సవానికి ముందురోజు సుధీర్ పిలిచి, ఫోటోల్లో ముత్యమ్మ పడితే బాగుండదట, ఒక్క రోజుకి కాస్త ముందుకి జరగమని చెప్పిరా అన్నాడు. ఆ పని కూడా హరిచందనకే పడింది.

ముత్యమ్మ చిక్కిపోయింది. నెత్తి పూర్తిగా నెరిసింది. "మెట్లు ఎప్పుడు ఏస్తరు బిడ్డా?" అని అడిగింది ముందు.

"అడుగుతున్నానవ్వా. రేపొక్కరోజు జెర ముందుకు జరగమంటున్నారు. అర కిలోమీటరు."

"జరుగుత. జరగనీకి నాకేమడ్డం?" అని చాప చుట్టి చంకన పెట్టుకుంది.

మర్నాడు పొద్దున పదింటికి కార్లు రావడం మొదలైంది. పూలదండల కార్లు, జెండాల కార్లు, వాటి వెనక రోగుల ఆటోలు. గేటులోకి ఒకటి తిరిగేలోపు వెనక పది ఆగాయి. పదకొండింటికల్లా మలుపు దాటి రెండు కిలోమీటర్ల దాకా అన్ని వరసలూ బిగుసుకుపోయాయి. ఐదున్నరేళ్ళలో అక్కడ బండి ఆగడం ఎవరూ చూడలేదు. లారీ డ్రైవర్లు దిగొచ్చి, ఏం చేయాలో తోచక టైర్లు తన్ని చూసుకుంటున్నారు. సుధీర్ గేటు దగ్గర చెమటలు కక్కుతున్నాడు.

హరిచందన ఫోన్ మోగింది. బాలరాజ్.

"మేడం, మా పెద్దనాయినకు దమ్ము లేశింది, దగ్గితె పెదాలు నల్లగైనయి. నూట ఎనిమిదిల ఎక్కించినం. మలుపు కాడ ఇరికినం మేడం, ఇంచు కదుల్తలేదు. ఇగ సిలిండర్ల అరగంటకే ఉన్నదంటున్నరు."

హరిచందన మలుపు వైపు చూసింది. తర్వాత అటు వైపు, ముత్యమ్మను జరిపిన వైపు చూసింది. అక్కడ రోడ్డు మీద లారీలు హాయిగా పోతున్నాయి. మూడు రోజులు గీసిన గీతలు, ఒక్క బండి కూడా నిలవని ఆ సున్నా, ఒక్కసారిగా అర్థమయ్యాయి. చెప్పులు చేత్తో పట్టుకుని డివైడర్ మీద పరుగెత్తింది.

"అవ్వా! తాతకి ఊపిరి ఆడట్లేదు. అంబులెన్సు మలుపు దగ్గర ఇరుక్కుంది. మీరు అక్కడికి రావాలి. మీరున్నచోట బండ్లు ఆగవు కదా!"

ముత్యమ్మ చాప అక్కడే పారేసి, కొంగు బిగించి నడిచింది. నడక కాదది, ఆ మోకాళ్ళతో పరుగే. ఆమె గేటుకి ఎదురుగా రాగానే మొదటి కారు కదిలింది. దాని డ్రైవరు అవతల చాయ్ తాగుతున్నాడు. కారు అతని కోసం ఆగలేదు. దండలతో సహా తనంతట తాను ముందుకు జరిగి, దారిచ్చి, ఎడమకు తప్పుకుంది. దాని వెనకది, దాని వెనకది. ఆమె ఏ బండి పక్కకు వస్తే ఆ బండి కదిలింది, ఆమె దాటిపోయాక వెనకవి మళ్ళీ నిలిచిపోయాయి. అట్లా మలుపు దాకా వచ్చి అంబులెన్సు పక్కన నిలబడి వెనక్కి తిరిగింది.

అంబులెన్సు డివైడర్‌ని ఆనుకున్న వరసలో ఉంది. ముత్యమ్మ ఎంత నడిస్తే అదీ అంత నడిచింది. అద్దంలోంచి ఐలన్న ఆమెను చూశాడు. మూడు జానల దూరం. ఐదున్నరేళ్ళలో వాళ్ళిద్దరూ అంత దగ్గరగా ఉన్నది అప్పుడే. ఆయన మాస్కు పక్కకి లాగి ఏదో అన్నాడు, వినపడలేదు. చేయి పైకెత్తి కిటికీ సందులోంచి బయటికి చాచాడు.

ముత్యమ్మకు ఆ చేయి పట్టుకోవాలని ప్రాణం కొట్టుకుంది. పట్టుకుంటే ఆయనా ఇరుక్కుంటాడు. రెండు చేతులూ కొంగులో చుట్టి పొట్టకు అదుముకుని, ముందుకు చూస్తూ నడిచింది.

"చెయ్యి లోపల పెట్టుకో," అంది ఏడుస్తూ. "మాస్కు పెట్టుకో. నడుస్తున్న గద నీ పక్కన్నే."

గేటు రాగానే అంబులెన్సు మూడు వరసలూ దాటి ఎడమకు తిరిగి లోపలికి పోయింది. ముత్యమ్మ డివైడర్ మీదే ఆగిపోయింది. ఇంకో పది నిమిషాలైతే చేయడానికేం ఉండేది కాదని ఊపిరితిత్తుల డాక్టరు తర్వాత బాలరాజ్‌తో అన్నాడు. ఐలన్న ఆ భవనంలో చూపించుకున్న మొదటి రోగి.

ఆ వారంలోనే హరిచందన సుధీర్‌కి చెప్పకుండా, తన సొంత పేరుతో పర్మిషన్ ఇచ్చే ఆఫీసుకు ఒక ఉత్తరం రాసింది. తీసేసిన వరస మళ్ళీ పెట్టింది. ఐదున్నరేళ్ళకు సరిపడా సెకన్లు లెక్కగట్టింది. వంతెన ఎందుకు కావాలో, మెట్లు ఎక్కడ దిగాలో గీసి చూపించింది. నెల తిరక్కుండానే జవాబొచ్చింది. సదరు స్థలాన్ని అధికారులు స్వయంగా పరిశీలించారట. అక్కడ వాహనాలు ఏమాత్రం ఆగడం లేదట. కనుక ఎలాంటి ఏర్పాటూ అవసరం లేదట.

ఆ కాగితం పట్టుకుని ఆమె వచ్చేసరికి డివైడర్ మీద మేస్త్రీ ఒకడు సిమెంటు కలుపుతున్నాడు. భవనంవాళ్ళు ముత్యమ్మకు స్టీలు కుర్చీ పంపించారు, పైన ఎండ తగలకుండా రంగుల గొడుగు. సరిగ్గా గేటుకి ఎదురుగా, వచ్చే బండ్ల వైపు ముఖం పెట్టి, కుర్చీ నాలుగు కాళ్ళూ కాంక్రీటులో దించుతున్నారు. ఇక ఆమె ఎటూ జరక్కుండా చూసుకునే బాధ్యత సుధీర్‌ది.

"కాయితం వచ్చిందా?" అంది ముత్యమ్మ.

"వచ్చిందవ్వా."

"నేనున్ననా దాంట్ల?"

"నేను రాసినదాంట్లో ఉన్నారు. పేరు, ఊరు, ఎన్నాళ్ళయిందో అన్నీ రాశాను. వాళ్ళ జవాబులో..." హరిచందన కాగితం మడిచింది. "వాళ్ళ జవాబులో మీరు లేరవ్వా. మెట్లు వేయరట. నేను మొదటిసారి సరిగ్గా రాసి ఉంటే అయ్యేది. రాసినదాన్ని నేనే తీసేశాను."

ముత్యమ్మ ఊరి వైపు చూసింది. బండ్లు పోతూనే ఉన్నాయి. అవతలి అంచున ఐలన్న వచ్చి కూర్చున్నాడు. మనిషి తేరుకున్నాడు, కానీ అరిచి మాట్లాడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇప్పుడు ఊరికే కూర్చుని చూస్తున్నాడు.

"ఓ మేస్త్రీ," అంది ముత్యమ్మ. "ఆ బండ్లను సూసి నేనేం జేస్త? కుర్సీని ఇటు తిప్పు."

తడి సిమెంటులోంచి కుర్చీ పెకిలించి, ఐలన్న వైపు తిప్పి, మేస్త్రీ మళ్ళీ పాతాడు.