నీలం చెప్పు కప్ప

ఆ రోజు నేను ఎంత సంతోషంగా ఉన్నానో ముందు చెప్పాలి. అది దాచి మిగిలింది చెబితే అబద్ధమవుతుంది.

జనవరి నెలాఖరు. మా పెళ్లయి నలభై మూడు రోజులు. పొద్దున ఆరు గంటలకు మైదుకూరు దాటి బ్రహ్మంసాగర్ వైపు బైకు మీద పోతున్నాం. శామ్ ముందు, నేను వెనక, మా మధ్య చేప కోసం తెచ్చిన మూతబకెట్టు. చలికి నా ముక్కు మొద్దుబారిపోయింది. దారి పక్క ఎవరో పసుపు ఉడకబెడుతున్నారు. ఆ పొగ వాసనకు బైకు ఆపమన్నాను. పక్కనే టీ అంగడి. వేడి గాజుగ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఒకటి చాలక ఇంకొకటి తాగాను. ఎవరూ వినని చోట ఆయన్ని పేరు పెట్టి పిలవడం నాకు అప్పటికి వారం రోజుల ముచ్చట. ఆ అంగడి వెనక నిలబడి పనేమీ లేకుండానే మూడుసార్లు 'శామ్' అని పిలిచాను. మూడుసార్లూ పలికాడు.

అదే సమయానికి ఇంట్లో మా వదిన చనిపోతూ ఉంది. ఆ సంగతి నాకు తెలుసు. శామ్‌కు తెలియదు.

వదిన పేరు విశ్వాసమ్మ, శామ్‌కు అక్క. శామ్‌కు ఐదేళ్లున్నప్పుడు వాళ్లమ్మ పోయింది. పదహారేళ్ల విశ్వాసమ్మ కలుపులకు, పసుపు తవ్వకాలకు పోయి తమ్ముణ్ని సాకింది. తను పెళ్లి చేసుకోలేదు. పోయిన వానాకాలం నుంచి కడుపులో నొప్పి ఉన్నా, మా పెళ్లయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు. పెళ్లయిన మూడో వారం కర్నూలు తీసుకుపోతే ఆసుపత్రిలో వారం ఉంచుకుని ఇంటికి పంపారు. శామ్ పొలాల్లో డ్రిప్పు పైపులు బిగించే పని చేస్తాడు. ఆసుపత్రి కాగితాల ఇంగ్లీషు నా మీద వదిలేశాడు. నేను కడపలో జువాలజీ డిగ్రీ చదివినదాన్ని. జబ్బు కాలేయం నిండా పాకిందని, చేసేదేమీ లేదని, మిగిలినవి రోజులేనని అందులో ఉంది.

ఆదివారం శామ్ ఆరాధనకు పోయినప్పుడు వదిన నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"కాగితంలో ఏముందో నాకు తెల్సు పాపా. నీ మొగంలోనే చదువుకున్నాలే. వానికి చెప్పొద్దు."

"అట్లెట్ల వదినా?"

"చెప్తే మంచం ఇడిసిపెట్టడు. పక్కన కూచోని ఏడుస్తాడు. వాడు ఏడుస్తాంటే నాకు పోబుద్ధి కాదు. చెప్పనని చెప్పు. అవునను."

మా సంఘంలో ఒట్లు పెట్టుకోరు. ఒట్టు పెట్టేవాడికి తన మాట మీద తనకే నమ్మకం లేనట్టని మా తాతల నాటి నుంచి చర్చి అయ్యగార్లు నేర్పుతూ వచ్చారు. అవునంటే అవునే. ఒట్టయితే తీసి గట్టున పెట్టేదాన్నేమో. 'అవును' అన్నాను.

బుధవారం సాయంత్రం వదిన శామ్‌ను పిలిచి కొరమీను పులుసు తినాలని ఉందని చెప్పింది. "కొన్నెది వద్దు. ఒగరిచ్చింది వద్దు. నీ గాలానికి పడిందే తీసకరా." పదిహేను రోజులుగా గంజి తప్ప నోట పెట్టని మనిషి నోరు తెరిచి అడిగేసరికి శామ్ వీధంతా తిరిగి చెప్పుకున్నాడు, "అక్క చేప అడిగింది" అని. ఇక కోలుకుంటుందని అతని లెక్క. గాలం దారానికి ఎరగా కట్టడానికి అంగట్లో కొన్న రబ్బరు కప్పలు అతని దగ్గర ఆరున్నాయి, రంగురంగులవి. వాటిని పక్కనపెట్టి పాత డబ్బాలోంచి ఒక నీలం కప్పను తీశాడు. అతనికి పదేళ్లప్పుడు వదిన తెగిపోయిన హవాయి చెప్పును కత్తిపీట మీద కోసి, కింద రెండు గాలాలు గుచ్చి చేసిన కప్ప అది.

గురువారం తెల్లవారుజామున బయలుదేరే ముందు వదిన దగ్గరికి పోయాను. కళ్లు మూసుకుని ఉంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఖాళీ ఎక్కువగా అనిపించింది. శామ్ బయట బైకు తుడుస్తూ ఈల వేస్తున్నాడు. చూసుకోమని పక్కింటి వరమ్మ చిన్నమ్మకు చెప్పి, వెళ్లి బైకెక్కాను.

*

జలాశయం అంచున నీళ్లు తగ్గి, మునిగిన చెట్ల మోళ్లు పైకి కనిపిస్తున్నాయి. కొరమీను గాలి కోసం పైకి వస్తుంది. గుటక వేసిన చోట నీళ్లలో చిన్న సుడి తిరుగుతుంది. ఆ సుడికి కాస్త ముందుగా కప్పను విసిరి, నీటి మీద లాగాలి. ఎట్లా లాగాలనే దగ్గరే మనుషులకు తగాదా.

శామ్‌ది వదిన నేర్పిన పద్ధతి. ఒక జానెడు లాగు. రెండుసార్లు ఊపిరి పీల్చి వదులు. మళ్లీ జానెడు. కప్ప బతికి ఉందో లేదో అన్నట్టు కదలాలి. అతను నిజంగానే ఊపిరి లెక్కపెట్టుకుంటాడు. రెండో ఊపిరి దగ్గర అతని భుజాలు దిగడం చూసినప్పుడల్లా నాకు తెల్లవారుజామున చూసిన మంచం గుర్తొచ్చింది.

మాకు ఇరవై అడుగుల అవతల వీరభద్ర అని ఒకాయన ఉన్నాడు. ప్రొద్దుటూరులో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు కానీ అంగట్లో కంటే నీళ్ల దగ్గరే ఎక్కువ కనిపిస్తాడట. ఆయన కప్ప నీటి మీద పడీపడగానే రాడ్డుకున్న దారం చక్రం గిరగిరా తిప్పేస్తాడు. కప్ప నీళ్లు చిమ్ముకుంటూ వచ్చేస్తుంది.

"ఏమప్పా శామూ, నీ కప్ప ఈత కొడతాందా, పండుకోని ఉండాదా?"

"నీది చూస్తే చేపకు ఆకలి పుట్టదు వీరభద్రన్నా, బయం పుడతాది. పోలీసోళ్లు తరుముకున్నెట్ల ఉరికిస్తాండావు."

"ఉరికేదాన్ని చూస్తేనే పట్టుకోబుద్ధయితాది. కూసున్నెదాన్ని ఎవురు పట్టిచ్చుకుంటారు?"

"ఈ చలికి చేప కదల్ను బద్దకపడతాది. ముద్ద నోటికాడికే అందియ్యాల."

శామ్ చెప్పిందే సరి అని నేను చదివిన చదువు చెబుతుంది. చల్లటి నీళ్లలో చేప ఒళ్లు మందగిస్తుంది, దూరం పోయి వేటాడదు. ఆ సంగతి తెలిసీ, "గబగబా లాగరాదూ, వేరేచోట ఇంకొకటి వేయొచ్చు కదా" అన్నాను.

"డిగ్రీలో ఇదేనా చెప్పింది?"

"ఎండ పడకముందే ఇంటికి పోదామని."

"అప్పుడే ఇసుగొచ్చిందా? మా అక్క పొద్దున కూచుంటే పొద్దు గూకేదాకా కూచుంటాండె. నువ్వు చేపను కాదు, బస్సును పట్టుకునే మనిషివి."

నవ్వాడు. నేనూ నవ్వాను. ఎందుకు తొందరపెడుతున్నానో చెప్పే నోరు ఆదివారమే మూసేసుకున్నాను.

పది గంటలప్పుడు వీరభద్రకు పడింది. మోచేతి పొడవు కొరమీను, నల్లటి వీపు. శామ్ వైపు చూసి, "మీ అక్కకు బాగలేదంటివి కదప్పా. తీసకపో. నాకు ఇంగొగటి పడకపోతాదా" అన్నాడు.

"వద్దన్నా. నా చేతి చేపే అడిగింది."

"చేప నోట్లో నీ పేరు రాసుంటాదా? పులుసైనాక ఎవురికి తెలుస్తాది?"

"అక్కకు తెలుస్తాది. అబద్ధం చెప్పలేను."

ఆ చేపను నేను తీసుకుని బకెట్లో వేసుకుని ఉండవచ్చు. కొత్త పెళ్లాం మాట కాదనేవాడు కాదు. పన్నెండుకల్లా ఇంట్లో ఉండేవాళ్లం. అంతలో నా సెల్లు మోగింది. మోళ్ల అవతలికి పోయి ఎత్తాను. వరమ్మ చిన్నమ్మ.

"నీళ్లు పోస్తే గుటక పడలేదు పాపా. వచ్చేయకూడదా?"

"వదిన ఏమంటాంది?"

"వాన్ని రానీవద్దు అని చెయ్యి ఊపుతాంది. నాకేం తెలుస్తాల్యా."

తిరిగి వచ్చేసరికి "ఎవురు?" అన్నాడు శామ్. "మా అమ్మ. ఏం వండావని అడిగింది" అన్నాను. ఒక్క 'అవును' నిలబెట్టుకోవడానికి చెప్పిన మొదటి అబద్ధం అది. అబద్ధం చెప్పలేనన్న మనిషికే చెప్పాను.

తరవాత జరిగినది రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎండ వెచ్చబడింది. శామ్ రాడ్డు నా చేతికిచ్చి, వెనక నిలబడి, విసరడం నేర్పాడు. మొదటిసారి కప్ప నా వెనకున్న కంపచెట్టుకు తగులుకుంది. రెండోసారి నా కొంగుకు. మూడోసారి నీళ్లలో పడింది, సరిగ్గా నేను చూసిన చోటే. చప్పట్లు కొట్టుకున్నాను. నీటి మీద వెలుతురు, నా జుట్టులో అతని గడ్డం, అవతలి గట్టున వరుసగా కొంగలు. "జానెడు లాగు. ఊపిరి పీల్చు. ఇంగొగటి" అంటున్నాడు చెవిలో. పావుగంట అట్లా ఉన్నాం. ఆ పావుగంట వదిన నాకు గుర్తు లేదు.

ఒంటిగంటకు మళ్లీ ఫోను.

"అయ్యగారిని పిలిపిచ్చినాం" అంది చిన్నమ్మ. అంతే అంది.

నేను వచ్చి శామ్ పక్కన నిలబడ్డాను. కప్ప దూరంగా, రెండు మోళ్ల మధ్య నీటి మీద కదలకుండా ఉంది. అతను ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాడు.

"శామ్, ఇంటికి పోదాం. వదిన పోతాంది. అయ్యగారు వచ్చినారంట."

నా వైపు తిరగలేదు. "నిన్న చేప అడిగింది కదా" అన్నాడు.

"ఆసుపత్రి కాగితంలోనే ఉండాది. మీకు చెప్పొద్దని వదిన నాతో అవుననిపించుకుంది."

"ఎప్పుడు?"

"ఆదివారం."

అతని పెదవులు కదిలాయి. ఆది, సోమ, మంగళ, బుధ. తరవాత చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. శామ్ అట్లా తిప్పడం నేనెప్పుడూ చూడలేదు. దారం చుట్టేసి పోవాలి, అంతే. నీలం కప్ప నీటి మీద ఎగురుతూ, మొట్టికాయలు తింటున్నట్టు తలకిందులవుతూ ఒడ్డుకు దూసుకొచ్చింది. ఒడ్డు ఇంకా పది అడుగులుందనగా నీళ్లు బద్దలయ్యాయి.

రాడ్డు వంగిపోయింది.

"ఇడ్సు" అన్నాడు శామ్ చేపతో. "ఇడ్సు, ఇడ్సు." పొద్దుటి నుంచి ఏడు గంటలు ఎదురుచూసిన చేపను బతిమాలుతున్నాడు. దారం తెంపడానికి పళ్లతో కొరికాడు. అది తెగే దారం కాదు. వీరభద్ర పరిగెత్తుకొచ్చి, "చూసినావా, నేను చెప్పలేదా" అని మొదలుపెట్టి, శామ్ మొహం చూసి ఆగిపోయాడు. ఆయనే నీళ్లలోకి దిగి చేపను రెండు చేతులతో ఎత్తి బకెట్లో వేశాడు. వీరభద్ర పట్టినదాని కంటే పెద్దది.

దాన్ని అక్కడే వదిలేసి పోవచ్చు. శామ్ బకెట్టు మూత బిగించి నా ఒళ్లో పెట్టాడు.

*

దారిలో ఎక్కడా ఆపలేదు. గుంతల్లో నీళ్లు ఎగిరి మూత సందులోంచి నా చీర మీద పడుతున్నాయి. మైదుకూరు ఇంకా రాకముందే బకెట్టు దాదాపు ఖాళీ. కొరమీను నీళ్లు లేకపోయినా గాలి పీల్చి బతుకుతుందని నాకు తెలుసు. అయినా చెయ్యి లోపలికి పెట్టి చూశాను. కదులుతోంది. పొద్దున టీ తాగిన అంగడి దాటాం. ఆ రెండో గ్లాసుకు ఎంతసేపు పట్టి ఉంటుందని ఇప్పటికీ ఆలోచిస్తాను.

మా వీధిలోకి తిరగ్గానే పాట వినిపించింది. సంఘపువాళ్లు గుమ్మం ముందు చాప మీద కూర్చుని పాడుతున్నారు. శామ్ బైకు స్టాండు వేయకుండానే దిగాడు. బైకు నా మీదికి ఒరిగింది. బకెట్టు మాత్రం పడనివ్వలేదు.

"అరగంటయింది నాయనా" అంది వరమ్మ చిన్నమ్మ అతని చెయ్యి పట్టుకుని. "నిన్ను అడగలేదు. చేపనే అడిగింది. పాపకు ఫోను చెయ్యకముందు, పట్టినాడా, పట్టినాడా అని రెండుతూర్లు. పట్టినాడమ్మా, వస్తాండాడు అని చెప్పినా."

"అప్పుడింగా పట్టలేదు చిన్నమ్మా" అన్నాడు శామ్.

వదిన అతన్ని దూరంగా ఉంచడానికి చేప అడిగిందా, నిజంగానే చేప కావాలని అడిగిందా అన్నది నాకు తెలియదు. తెలుసుకునే దారి మట్టిలో పెట్టేశాం.

చేప పెరట్లో స్నానాల తొట్టిలో ఉంది. దుఃఖపు ఇంట్లో పొయ్యి వెలిగించలేదు కాబట్టి మొదటి మూడు రోజులు ఎవరూ దాని మాట ఎత్తలేదు. తరవాత ఎవరికీ ధైర్యం చాలలేదు. అది పైకి వచ్చి గుటక వేసిన చప్పుడు వంటింట్లోకి వినిపిస్తుంది. శామ్ తింటున్న ముద్ద చేతిలోనే ఆగిపోతుంది, మళ్లీ గుటక వినిపించేదాకా.

అతను నన్ను తిట్టలేదు. కొట్టలేదు. పనికి పోయి వస్తున్నాడు, నాకు చోటు వదిలి మంచం అంచున పడుకుంటున్నాడు. నాకు మాత్రం ఇంకా సిగ్గులేని మనసు. పొద్దున గోడ మీద ఎండ పడితే బాగుందనిపిస్తుంది. ఆవకాయ జాడీ మూత తీస్తే నోరూరుతుంది. అనిపించగానే చుట్టూ చూస్తాను, ఎవరైనా చూశారేమోనని.

పన్నెండో రోజు సాయంత్రం శామ్ బీరువాలోంచి ఆసుపత్రి కవరు తీసి నా ముందు పెట్టాడు. పక్కన నేల మీద కూర్చున్నాడు.

"చదువు" అన్నాడు. "తెలుగులో."

మొదలుపెట్టాను. పేరు, వయసు, ఊరు. రక్తపరీక్షలు. మధ్యలో కాలేయం గురించిన రెండు పంక్తులు వదిలేసి చివరికి పోబోయాను. అతను వేలితో కాగితం మీద, ఆ వదిలిన చోటే, ఆపాడు. అతనికి ఇంగ్లీషు అంత రాదనుకున్నాను.

"నిదానంగా" అన్నాడు.

మళ్లీ మొదటి నుంచి చదివాను.