ఇంజిన్ లైటుకు నా దరువు

మా ఆయన ఎలీషా మంచివాడే, కాని మొండి. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అనలేదు పెద్దలు.

మొయినాబాద్ రోడ్డు పక్కన మాది బైకుల రిపేరు షాపు. మా తిండీ బట్టా, కూతురు దీవెన చదువూ అన్నీ దాని మీదే. ఇప్పటి బైకుల్లో పెట్రోలు కొలిచి పోసేది చిన్న కంప్యూటరు. ఏదైనా చెడితే మీటర్లో పసుపు లైటు కొట్టుకుంటూ చెబుతుంది. పొడుగ్గా వెలిగితే పది, చటుక్కున వెలిగితే ఒకటి. ఒక పొడుగు, రెండు పొట్టి వస్తే పన్నెండు. అంటే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ తేడా అన్నమాట.

ఎలీషా ఇంజిన్ దగ్గర వంగి ఉంటాడు కనుక లైటు చూసేది నేను. చర్చిలో కంజీర కొట్టే చెయ్యి నాది, ఊరుకుంటుందా? ఖాళీ ఆయిల్ డబ్బా బోర్లించి పొడుగుకు అరచెయ్యి, పొట్టికి వేలు వేస్తాను. ధన్, టిక్, టిక్. అది విని ఆయన పని మొదలుపెడతాడు. ఒకసారి చేవెళ్ల నుంచి బండి తెచ్చిన పాండు, మేము బండికి ప్రార్థన చేస్తున్నామనుకుని హెల్మెట్ తీసి కళ్ళు మూసుకున్నాడు. చివర్లో "ఆమెన్" అని కూడా అన్నాడు! నవ్వి నవ్వి నాకు కడుపు నొప్పి వచ్చింది.

మొన్న ఎండాకాలం ఆ పాండు బండే మళ్ళీ ఆగిపోయింది. బండి అప్పగించి అతను ఎదురుగా చాయ్ తాగడానికి వెళ్ళాడు. నేను మంచినీళ్ళు పట్టుకుని వచ్చేసరికి ఎలీషా సైలెన్సర్ దగ్గరి సెన్సర్ విప్పి కూర్చున్నాడు.

"ఇరవై ఒకటి వచ్చింది" అన్నాడు. అంటే ఆ సెన్సర్ తేడా.

తాళం తిప్పి చూశాను. ఒక పొడుగు, రెండు పొట్టి. పన్నెండు! అప్పుడు గుర్తొచ్చింది, ఈయన పొద్దున చాయ్‌లో చక్కెరకు బదులు ఉప్పు వేశాడు. పరధ్యానం అనుకున్నాను.

తాళంచెవి తీసి కొంగున ముడేసుకున్నాను. మీటర్లో లైటు ఆరిపోయింది. డబ్బా ముందు కూర్చుని ధన్, ధన్, టిక్ కొట్టాను.

"ఇరవై ఒకటే గద! నేను గూడ చూస్తున్న" అన్నాడు.

"ఏం చూస్తున్నవయ్యా?"

"లైటే. కండ్ల ముంగట్నే కొట్టుకుంటున్నది."

కొంగు ముడి విప్పి తాళంచెవి ఆయన అరచేతిలో పెట్టాను. తడిమి చూసుకుని తల దించుకున్నాడు.

"ఎప్పటి సంది?"

"క్రిస్మస్ కాడికెళ్ళి. అంత పొగ పొగ కనవడ్తున్నది. దవాఖానకు పోతె పదిమందికి ఎర్కైతది. కండ్లు కనవడని మేస్త్రికి బండి ఎవ్వడిస్తడే? షాపు మునుగుతది."

కోపం నషాళానికి అంటింది. "షాపు పోతె ఇంకోటి పెట్టుకుందం! కన్ను పోతె యాడికెళ్ళి తెస్తవ్?" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చాను.

వెనక చాయ్ గ్లాసుతో పాండు నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. ఇక మా షాపు సంగతి చేవెళ్ల దాకా పాకుతుందనుకున్నాను.

"అన్నా, ఫికర్ చెయ్యకు" అన్నాడు పాండు. "నా బండి ఈడనే ఉంటది. నువ్వు కండ్లు మంచిగ చేపిచ్చుకొనొచ్చి చెయ్యి. ఇంకొకని చెయ్యి పడనియ్య. అప్పటిదంక బస్సుల తిరుగుత."

మా మొండాయన తడుముకుంటూ స్పానర్ పక్కన పెట్టేశాడు.

మర్నాడే మెహదీపట్నం బస్సెక్కించి కంటి దవాఖానకు తీసుకుపోయాను. శుక్లాలట. రెండు కళ్ళకూ ఒకదాని తర్వాత ఒకటి ఆపరేషన్ చేశారు. దుమ్ము పడకూడదన్నారని షాపు మూసే ఉంచాం. పాండు బండి మా పాత దుప్పటి కప్పుకుని లోపలే ఉంది.

షాపు తెరిచిన రోజు పాండు ముందే వచ్చి కూర్చున్నాడు. ఎలీషా తాళం తిప్పి, మీటర్ ముందు నిలబడి లైటు వైపు తేరిపార చూశాడు. ఆ కళ్ళు మెరుస్తుంటే నాకెంత సంతోషమో! ఆ వెంటనే, ఇక నాకిక్కడ ఏం పని అనిపించి మనసు చివుక్కుమంది. డబ్బా పక్కకు నెట్టి లేచాను.

"ఏమే, యాడికి? కూసో. కొట్టు" అన్నాడు, మీటర్‌కు వీపు తిప్పి.

"ఏందయ్యా, మల్ల కనవడ్తలేదా?" హడలిపోయాను.

"మంచిగ కనవడ్తున్నది. నీ మూతి ముడుచుడు గూడ కనవడ్తున్నది. నీ దరువు ఇనకపోతె నాకు చెయ్యి ఆడదే."

కూర్చున్నాను. ధన్, టిక్, టిక్.

పాండు హెల్మెట్ తీసి, "ఆమెన్" అన్నాడు.