పది వేళ్ల శవం

డీలియా బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే, తలుపు తోసుకుని మొగుడు లోపలికొచ్చాడు. పోయిన నెల ఆమె పాతిపెట్టిన మొగుడు.

చేతిలో కత్తి జారి నీళ్ల గిన్నెలో పడింది.

"టీ పెట్టు," అన్నాడు ఫెస్టీ, పొయ్యి పక్కన కుర్చీ లాక్కుంటూ. "పడవ దిగిన దగ్గర్నుంచీ చూస్తున్నా, ఒక్కడూ పలకరించడే. ఏమొచ్చింది వీళ్లకి?"

"నువ్వు చచ్చిపోయావు," అంది డీలియా. ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"ఎవరు చెప్పారు?"

"నేనే."

చేపల వేటకని వెళ్లిన ఫెస్టీ తిరిగి రాలేదు. అవతలి ఒడ్డున గాల్వే రేవులో తన పడవ అమ్మేసి తాగుతున్నాడని దీవిలో ఎవరికీ తెలియదు. తుఫాను వెలిశాక పడమటి ఒడ్డుకి ఒక శవం కొట్టుకొచ్చింది. మొహం చేపలు తినేశాయి. ఫెస్టీకి ఎడమచేతి చిటికెన వేలు లేదు, ఎప్పుడో పడవ తాడులో ఇరుక్కుని తెగిపోయింది. శవానికి పది వేళ్లూ ఉన్నాయి. డీలియా ఆ చేతిని చూసింది. చూసి, శాలువా కప్పేసి, "మా ఆయనే," అంది. తెల్లవార్లూ శవం చుట్టూ కూర్చుని, విస్కీ తాగుతూ, అంత మంచివాడు ఈ దీవిలో పుట్టలేదని జనం ఏడ్చారు.

ఫెస్టీ పగలబడి నవ్వాడు. "నన్ను పాతేశావా? పద, నీ సంగతి అందరి ముందూ తేలుస్తా." మణికట్టు పట్టుకుని కోల్మన్ సారాకొట్టు దాకా లాక్కెళ్లాడు.

లోపల తలలన్నీ ఇటు తిరిగాయి.

"నేనేరా, ఫెస్టీని," అన్నాడు.

కోల్మన్ గ్లాసు తుడవడం ఆపలేదు. "మా ఫెస్టీ పోయాడండీ, పాపం. మీరు బంధువులా? పోలిక కనబడుతోంది."

"వేళాకోళమా?" ఫెస్టీ ఎడమచెయ్యి పైకెత్తాడు. "ఇది చూడు. నేనని చెప్పి ఎవణ్ణో పాతింది ఈ ఆడది."

పొయ్యి దగ్గర కూర్చున్న బార్బ్రె ముసలమ్మ నెమ్మదిగా అంది. "ఆ శవానికి స్నానం చేయించింది నేను. వేళ్లు ఒక్కొక్కటే తుడిచాను. పదీ ఉన్నాయి."

డీలియా గిరుక్కున ముసలమ్మ వైపు తిరిగింది.

"శవపెట్టె మోసినవాళ్లకీ తెలుసు," అన్నాడు కోల్మన్.

"ఫాదర్‌కి?" అంది డీలియా.

"జపమాల ఆ వేళ్లకి చుట్టింది ఆయనే."

"మరి ఎందుకు ఊరుకున్నారు పెద్దమ్మా?"

"ఆ రోజు నీ కన్ను వాచి తెరుచుకోవట్లేదు, అమ్మాయ్. మీ పక్కింట్లో ఉండి ఇన్నేళ్లూ అన్నీ విన్నాను. అప్పుడు నోరెత్తలేదు. ఇప్పుడెత్తి ఏం లాభమనుకున్నా."

ఫెస్టీ ఒక్కొక్క మొహమూ చూశాడు. ఎవరూ చూపు తిప్పుకోలేదు. అతని చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

"మీరొచ్చిన పడవ ఇంకా రేవులోనే ఉందండీ," అన్నాడు కోల్మన్ మర్యాదగా.

మూల నుంచి ఒక జాలరి అందుకున్నాడు. "చచ్చినవాణ్ణి మళ్లీ చంపినా అడిగేవాడుండడు."

ఫెస్టీ వెళ్లిపోయాడు. అందరూ గ్లాసులు అందుకున్నారు. డీలియా మాత్రం గ్లాసు ముట్టలేదు.

"మరి ఆయనెవరు?" అంది.

"ఎవరు?"

"మనం పాతినాయన."

ఆ ప్రశ్న ఇప్పటిదాకా ఎవరికీ తట్టలేదని వాళ్ల మొహాలే చెప్పాయి. తనకీ తట్టలేదు. ఎక్కడో ఒక తల్లి ఇంకా రేవుకొచ్చి చూసి వెళుతూ ఉంటుంది.

"రేపు పడవెక్కి వెళ్లి పోలీసులకి చెప్పేస్తాను."

"చెబితే ఫెస్టీ మళ్లీ బతికున్నవాడవుతాడు, తిరిగొస్తాడు," అన్నాడు కోల్మన్.

"రానీ. వాడు నన్ను కొట్టేవాడని మీకందరికీ తెలుసని వాడికిప్పుడు తెలిసింది."

బార్బ్రె కర్ర అందుకుని లేచింది. "నేనూ వస్తా. ఒక్కదానివే ఏం మాట్లాడతావు."

ఎండాకాలంలో, పోలీసుల కబురందుకుని ఫ్రాన్సు నుంచి ఒక ముసలావిడ వచ్చి, ఆ సమాధి పక్కన సాయంత్రం దాకా కూర్చుంది. ఆమె భాష ఎవరికీ రాదు. డీలియా పక్కనే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. ఫెస్టీ మళ్లీ రాలేదు.