రోజా సార్

కంప్యూటర్ తెర మీది బొమ్మ రోగికి పేరు లేదు, ఊరు లేదు. హెచ్‌ఐవీ రోగులను చూసే డాక్టర్లంతా ఈ పాఠం పూర్తిచేసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలని పైనుంచి ఆర్డరు. ప్రొద్దుటూరులో ఓ చిన్న క్లినిక్ చూసుకునే డాక్టర్ చక్రధర్‌కు ఇది మూడో ప్రయత్నం. చదువు రాక కాదు. పన్నెండో ప్రశ్న దగ్గర చెయ్యి ఆడదు.

"మందులు రోజూ వేసుకుంటున్నారా?" అన్న ప్రశ్న నొక్కాడు.

"రోజూ సార్" అంది బొమ్మ. ఆయన చెవికి మాత్రం "రోజా సార్" అనే వినపడింది. అది ఆయన దగ్గర మందులు వాడిన గులాబ్‌బీ గొంతు. ఆమె పోయి రెండేళ్లయింది.

జమ్మలమడుగు నుంచి బస్సులో వచ్చేది పాపం. ఓ రంజాన్ నెలలో ఇదే ప్రశ్న అడిగితే, తల దించుకుని "రోజా సార్" అంది. అమలాపురం నుంచి వచ్చిన డాక్టరుకు సీమ మాట ఏం తెలుసు! రోజూ అనడం ఇక్కడి యాసలో ఇంతే కాబోలనుకుని, "వెరీ గుడ్" అని చీటీ రాసిచ్చేశాడు. ఆమె చెప్పింది ఉపవాసం సంగతి. నెలంతా పొద్దుటి మాత్ర నోట పెట్టలేదు. ఆ తర్వాత మందులకు జబ్బు లొంగలేదు, మనిషీ దక్కలేదు. నర్సు రెబెకా ఆ మాటకు అర్థం చెప్పిననాడు ఆయన అన్నం ముట్టలేదు. చేతులు కాలాక ఇంక ఆకులెందుకు?

‘బాగుంది, అలాగే వాడండి’ అన్న జవాబు నొక్కాడు. పచ్చ టిక్కు పడింది.

"నూటికి నూరు సార్!" అంది వెనకనుంచి రెబెకా.

ఆయన మౌస్ పక్కకు నెట్టేశాడు. ఆనాడు తనన్న ‘వెరీ గుడ్’కూ ఈ దిక్కుమాలిన యంత్రం నూరు మార్కులే వేసి ఉండేది.

"బయట ఆర్షియా కూచోనుంది సార్, గులాబ్‌బీ కూతురు."

పుట్టుకతోనే తల్లి జబ్బు అంటిన పిల్ల. పంతొమ్మిదేళ్లు. మళ్లీ రంజాన్ నెల. ఈ పిల్లనూ పోగొట్టుకుంటే తను బతికీ దండగే అనుకున్నాడు. ‘రోజూ’ అన్న మాటే ఎత్తలేదు.

"నిన్న ఏ మాత్ర ఎప్పుడు మింగావో చెప్పమ్మా."

"రాత్రిది మింగినా సార్. పొద్దుటిది వారం నుంచి మింగలే. రోజా ఉండా."

"తెల్లారకముందు సహరీ తినడానికి లేస్తావు కదా, అప్పుడు మింగు. రోజా మానొద్దు, మాత్రా మానొద్దు."

పిల్ల ఆయన వైపే చూసింది. "ఇంతేనా సార్? మాయమ్మకు ఎవురూ చెప్పలేదే!"

ఆయన తలెత్తకుండా చీటీ రాసి చేతికిచ్చాడు. గడప దాకా పోయిన పిల్ల వెనక్కొచ్చింది.

"సార్, దీంట్లో మాయమ్మ పేరు రాసినారు."