తలా ఒక తట్ట

ఒర విరగలేదు. అసలు చిక్కంతా అదే.

పెరట్లో అడ్డంగా పడుకోబెట్టిన, గుంటల్లో దించే గుండ్రటి సిమెంటు ఒర మీద చెక్క పరిచి, ఇంజినీరు ఇసుక బస్తాలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి చూశాడు. ఒర కిమ్మనలేదు.

"ఇలాంటివే పోయండి. బడి వెనక తవ్వే మరుగుదొడ్ల గుంటలన్నిటికీ మీ దగ్గరే తీసుకుంటాం. పాళ్ళు చెప్పండి, బూడిద ఎంత కలిపారు?"

"నాలుగు తట్టల సిమెంటుకి ఒక తట్ట ఊక బూడిద" అంది ఒరల వదిన. వీధి వీధంతా ఆమెను అలాగే పిలుస్తారు. మొగుడు నడుము విరిగి మంచం పట్టినప్పటి నుంచి ఒరలు పోసే పని ఆమెదే. సిమెంటు ధర మీద ధర పెరిగి, పెరటికి తాళం వేసే రోజు దగ్గరపడిందనగా మిల్లు వెనక గుట్టగా పడున్న ఊక బూడిద కంటపడింది. ఇది కుదిరితే పని నిలబడుతుంది, లేదంటే లేదు.

చెప్పి పక్కకి చూసింది. మరిది నేలచూపులు చూస్తున్నాడు. తాపీ మేస్త్రీ అతను, కట్టిన గోడ వంకర పోయినా తలెత్తి ఆకాశం వంకే చూసే రకం.

"ఏం చేశావయ్యా?"

"ఏం లేదొదినా... నువ్వు కుళాయి దగ్గరికెళ్ళినప్పుడు సగం బూడిద తీసేసి, తట్టెడు సిమెంటు కలిపా. అది పెళ్ళున విరిగితే నీ మొహం ఎట్లా చూడను?"

గడపలో కూర్చున్న అత్త గుండెల మీద చెయ్యేసుకుంది. "ఓరి నీ తెలివి తెల్లారా! అందుకా బూడిద తక్కువగా కనిపించింది! కోడలు మరిచిందేమోనని నేనో తట్ట గుమ్మరించానురా."

ఇంజినీరు కలం ఆగింది. "అంటే సిమెంటు ఐదు, బూడిద ఒకటిన్నర. ఏ తట్ట అవ్వా?"

"నీళ్ళ గాబు పక్కన ఉంటది చూడు, అడుగు చిల్లుది."

"చిల్లు తట్టా! సగం దారిలోనే రాలిపోయుంటుంది" అన్నాడు మరిది, తన తప్పుకి తోడు దొరికిందన్న హుషారులో.

ఇంజినీరు రాసింది కొట్టేశాడు. వదిన కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. నిజానికి ఆమె లెక్కా తేలలేదు. బూడిద నీళ్ళు తాగేసి కలిపిన మాలు పొడిపొడిగా కనిపిస్తే ఇంకో బకెట్టు పోసింది. జారైపోయింది. కంగారులో దోసిళ్ళతో సిమెంటు చల్లింది. ఎన్ని దోసిళ్ళో దేవుడికెరుక. అదీ చెప్పేసింది.

"తిలా పాపం తలా పిడికెడంటారు. మీ ఇంట్లో తలా తట్టెడు!" అన్నాడు ఇంజినీరు. నవ్వాలో విసుక్కోవాలో అతనికే తెలియలేదు.

మరిది వదిన చెవి దగ్గరికి వంగాడు. "నాలుగుకి ఒకటనే రాయించెయ్. ఒర నిలబడిందిగా, ఎవడు అడుగుతాడు?"

రాయించెయ్యొచ్చు. వదిన కళ్ళ ముందు బడి వెనక గుంటలు మెదిలాయి, వాటి మీద గంతులేసే పిల్లలు మెదిలారు. "వద్దు బాబూ. అందులో ఏముందో నాకు తెలీదు."

"అయితే మళ్ళీ పోయండి. నీళ్ళు కూడా కొలిచి. ఈలోపు ఇంకొకళ్ళు కుదిరితే మాత్రం నన్ననకండి" అని అతను బండెక్కాడు.

ఆ మధ్యాహ్నమే వదిన కొత్త మాలు కలిపింది. మరిది చేతిలో పార లాగేసుకుంది. అత్తని ఆ విరగని ఒర మీద కూర్చోబెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకోమంది. ప్రతి తట్టనీ చెక్కతో గీసి అంచుకి సమం చేసింది. బూడిద మళ్ళీ నీళ్ళు తాగింది, మాలు మళ్ళీ పొడిగా కనిపించింది. వదిన చెయ్యి దానంతటదే సిమెంటు బస్తా వైపు పోయింది.

అత్త దగ్గింది. చెయ్యి వెనక్కి వచ్చింది. కొలిచి పెట్టుకున్న నీళ్ళతోనే కుమ్మి కుమ్మి అచ్చులో పోసి, తడి గోనె కప్పింది.

"నిలబడుతుందంటావా?" అన్నాడు మరిది.

"ఏం చెప్పన్రా?" అంది అత్త, కూర్చున్న ఒరని తడుముతూ. "నిలబడ్డదాంట్లో ఏముందో తెలీదు. ఏముందో తెలిసింది నిలబడుతుందో లేదో తెలీదు."

వదిన చిల్లు తట్ట తీసుకెళ్ళి గోడ అవతల పారేసి వచ్చింది.