ఊపిరంత జాగా

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో బిక్షపతి వెల్డింగ్ షాపు మూతబడ్డాక, ఆయన మేనల్లుడు రవి కుమార్ అందులో రాక్ బ్యాండు పెట్టాడు. ఆదివారాలు చుట్టుపక్కల మిషన్లన్నీ ఆగుతాయి కాబట్టి ఆ ఒక్క రోజే వాళ్ల సాధన. పేరు కోసం ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోలేదు, 'రేకుల షెడ్డు' అనే పెట్టుకున్నారు. రవి కుమార్ గిటారు, పాటలు రాసేదీ అతనే. సురేష్ బేస్ గిటారు, ఆశీర్వాదం డ్రమ్ములు. పాడేది హిమజ.

హిమజ హబ్సిగూడలో ఒక కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో పనిచేసేది. వారమంతా ఫోన్లో "సార్ క్లాసులో ఉన్నరండీ" అని పిల్లికూనలా మాట్లాడే ఆ పిల్ల, ఆదివారం మైకు పట్టుకుంటే రేకులు అదిరేవి. ముఖ్యంగా 'మూడో షిఫ్టు' అనే పాట. అందులో ప్రతి చరణం చివరి లైను చాంతాడంత పొడుగు. దాన్ని ఆమె ఒక్క గుక్కలో పాడుతుందని ఉప్పల్ కాలేజీ పిల్లలంతా చెప్పుకునేవారు, ఆ లైను రాగానే ఈలలు వేసేవారు. ఆమె కూడా నమ్మింది. పొగిడితే నమ్మనివాళ్లు ఎక్కడుంటారు?

రెండు వేల పదిలో అయిదు పాటలతో ఒక సీడీ తేవాలనుకున్నారు. అంతకుముందు షెడ్డులో రెండు మైకులతో రికార్డు చేసుకున్నది ఇంటర్నెట్లో పెడితే, ఎవడో "పాట బాగుంది గానీ మోటుగా ఉంది" అని రాశాడు. ఆ ఒక్క మాట రవి కుమార్ కంట్లో నలుసైంది. అందరినీ వెంటేసుకుని ఉప్పల్లో ఉమాపతి స్టూడియోకు పోయాడు. అందరినీ అంటే ఆశీర్వాదాన్ని తప్ప. అతను ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్నాడు.

ఉమాపతి మంచివాడు. పొద్దున భక్తి పాటలు, సాయంత్రం తెలంగాణ పాటలు రికార్డు చేసి చేసి చెవులు పదునెక్కినవాడు. షెడ్డు రికార్డు విని, కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి చూపించాడు. మిగతా పాటంతా తాళం సరిగ్గానే ఉందట. ఆ పొడుగు లైను దగ్గర మాత్రం డ్రమ్ము ప్రతిసారీ వెనకబడుతోందట. కొత్తగా రికార్డు చేసి, అతని డ్రమ్ములకు బదులు కంప్యూటర్లో మోగే మిషన్ డ్రమ్ములు పెడితే పాట అద్దంలా వస్తుందన్నాడు. రవి కుమార్ వెంటనే సరేనన్నాడు. తర్వాత హిమజ వైపు చూశాడు. ఆశీర్వాదం అక్కడ నెమ్మదిస్తున్నాడని లోగడ రెండుసార్లు ఫిర్యాదు చేసింది ఆమే. ఇప్పుడు కాదని ఏ మొహంతో అంటుంది? "మీ ఇష్టం" అంది. నాలుగేళ్లుగా వెనక కూర్చుని వాయించిన మనిషిని అంత చిన్న మాటతో పాటలోంచి తీసేశారు.

మరుసటి వారం ఆమె పాడాల్సిన రోజు వచ్చింది. చెవుల్లో హెడ్‌ఫోన్లు, అందులో మిషన్ డ్రమ్ములు. గోడ గడియారంలా ఎక్కడా తొణకలేదు. పాట హాయిగా సాగింది. పొడుగు లైను వచ్చింది. చివరి రెండు మాటల దగ్గర ఊపిరి అయిపోయింది. మళ్లీ పాడింది, మళ్లీ అంతే. మిరియాల కషాయం తాగి పాడింది. ఆరుసార్లు పాడింది. ఏడోసారికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఉమాపతి ఆమెను ఓదార్చాడు. లైనును రెండు ముక్కలుగా పాడమన్నాడు, అతుకు తెలియకుండా కలపడం తన పని అన్నాడు. అలాగే పాడింది, అలాగే కలిపాడు. విని రవి కుమార్ చప్పట్లు కొట్టాడు. నిజంగానే బాగుంది. అద్దంలానే ఉంది. కానీ ఆ పాడుతున్న మనిషి ఎక్కడా ఊపిరి తీసుకోవడం లేదు. వింటుంటే హిమజకు తన గొంతే పరాయిదిలా తోచింది.

ఇన్నాళ్లూ వచ్చింది ఇప్పుడెందుకు రాలేదన్న అనుమానంతో, పాత షెడ్డు రికార్డు మళ్లీ పెట్టమంది. కళ్లు మూసుకుని వింది. పొడుగు లైను సగానికి వచ్చేసరికి డ్రమ్ము రవ్వంత ఆగింది. ఆ సందులో ఎవరో చటుక్కున గాలి పీల్చుకున్నారు. ఆమే. తను తీసుకుంటున్నట్టు తనకే తెలియని ఊపిరి. రెండో చరణంలోనూ అంతే, మూడో దాంట్లోనూ అంతే. అతను వెనకబడటం కాదు, ఆమె కోసం ఆగుతున్నాడు. మోటుతనం తుడుస్తామని కూర్చుని ఊపిరినే తుడిచేశారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

ఆమె రవి కుమార్‌తో గట్టిగానే మాట్లాడింది. ఆశీర్వాదం వాయిస్తేనే పాడతానంది, కారణం మాత్రం చెప్పలేదు. అతను సణిగి సణిగి ఒక మాట మీదికి వచ్చాడు. వచ్చే ఆదివారం షెడ్డులోనే అందరూ కలిసి ఒకసారి రికార్డు చేద్దాం, సరిగ్గా రాకపోతే మిషన్ డ్రమ్ములతోనే సోమవారం సీడీ కాపీలకు పోతుంది. ఇక ఆ ఒక్క ఆదివారం మీదే ఆశీర్వాదం పాటలో ఉండటమో, పోవడమో.

ఆ సంగతి చెప్పడానికి హిమజ, ఆశీర్వాదం డ్రమ్ములు వాయించే చర్చికి పోయింది. నాచారంలో కిరాణా కొట్టు పైన ఒక హాలు అది. చెప్పులు మెట్ల దగ్గర విడిచి, చున్నీ తల మీద కప్పుకుని చివరి వరసలో కూర్చుంది. ముందు నిలబడి పాట ఎత్తుతున్నది ఆశీర్వాదం తల్లి గ్రేసమ్మ. పదిహేనేళ్లు దూది మిల్లులో పనిచేసిన ఛాతీ ఆమెది, నాలుగు మాటలకు ఒకసారి ఆయాసం. డ్రమ్ముల వెనక కొడుకు తన చేతుల వైపు చూసుకోవడం లేదు. తల్లి భుజాల వైపు చూస్తున్నాడు. భుజాలు లేస్తే కర్ర ఆగుతోంది, దిగితే పడుతోంది. హాలంతా అలాగే ఆగి, అలాగే పాడుతోంది. ఎవరికీ తాళం తప్పినట్టే లేదు.

హిమజ గుండె కరిగిపోయింది. తన భుజాలను కూడా నాలుగేళ్లుగా ఎవరో అలా చూస్తున్నారని, తను ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదని తలచుకుంటే దుఃఖం వచ్చింది.

అయినా పాడు అభిమానం. మెట్ల కింద నిలబడి సగమే చెప్పింది. డ్రమ్ములు మార్చారని, వచ్చే ఆదివారం ఒక అవకాశం ఉందని చెప్పింది. తన ఊపిరి సంగతి మింగేసింది. 

"నాదే తప్పు హిమజా. సర్చిల అలవాటైంది. వారం టైముంది గద, నేర్సుకుంట."

హిమజ తేలు కుట్టిన దొంగలా చెప్పులు వేసుకుని వచ్చేసింది.

ఆదివారం ఉమాపతి మైకులు పట్టుకుని షెడ్డుకు వచ్చాడు. పాట మొదలైంది. ఆశీర్వాదం వాయిస్తుంటే రవి కుమార్ కళ్లు పెద్దవయ్యాయి. వారం రోజులు అన్నం తినే టైములో ఫోన్లో తాళం కొలిచే టిక్కుటిక్కు పెట్టుకుని, డబ్బా మీద సాధన చేశాడట. పొడుగు లైను వచ్చింది. డ్రమ్ము ఆగలేదు. వెంట్రుకవాసి కూడా ఆగలేదు. చివరి రెండు మాటలు హిమజ నోట్లోనే ఉండిపోయాయి.

అందరూ ఆపేశారు. ఆశీర్వాదం ఇంత కరెక్టుగా ఎప్పుడూ కొట్టలేదని రవి కుమార్ మెచ్చుకున్నాడు. గొంతు బాగాలేదేమో, పోనీ ఆ లైను అతికిద్దామని ఉమాపతి మెల్లగా అన్నాడు. ఎంత సులువైన సాకు. తలూపితే చాలు, ఆమె ఒక్క గుక్క అలాగే ఉంటుంది, అతనికీ మంచి పేరే వస్తుంది.

హిమజ మైకుకు వీపు పెట్టి డ్రమ్ముల వైపు తిరిగింది.

"ఆ లైను నాకు ఎన్నడూ ఒక్క ఊపిరిల రాలే. నువ్వు ఆగినవ్ కాబట్టి వచ్చింది. వీళ్లకు నిన్ను స్లో అని చెప్పింది గూడ నేనే." డ్రమ్ముల దగ్గరికి ఒక అడుగు వేసింది. "నాకు ఊపిరి సాల్తలేదు, ఆశీర్వాదం. జర ఆగు నా కోసం."

 అతను తలొంచుకుని కర్ర కొసను బొటనవేలితో రుద్దాడు.

"నాకెరుకే. చెప్తే భయపడ్తవని చెప్పలే. భయపడితే ఊపిరి ఇంకింత జల్ది అయిపోతది. ఈసారి ఆగొద్దంటిరి, ఇగ నీకు అక్కెర లేదేమో అనుకున్న."

రవి కుమార్ మైకు స్టాండును తనే ఎత్తి, ఆమె మొహం డ్రమ్ముల వైపు ఉండేలా పెట్టాడు. ఉమాపతి మళ్లీ రికార్డు నొక్కాడు.

పొడుగు లైను సగానికి వచ్చింది. ఆశీర్వాదం కర్ర ఎత్తి, ఆమె భుజాల వైపు చూస్తూ ఆగాడు. ఈసారి హిమజ చటుక్కున పీల్చలేదు, దాచలేదు. మైకుకు వినబడేలా, నింపాదిగా ఊపిరి తీసుకుంది. అది నిండేదాకా అతను కర్ర దించలేదు.