బంగళా వరండాలో కొలువు

కొండ మీంచి దూకే నదికి టర్బైన్లు బిగించి కరెంటు తీయడం మొదలెట్టాక, కింద పవర్‌హౌస్ కాలనీ వెలిసింది. కిరసనాయిలు బుడ్డి పొగకి సగం కళ్ళు పోగొట్టుకున్న ఫోర్‌మన్ తల్లికి, బల్బు వెలగ్గానే ప్రాణం లేచొచ్చింది. సూదీ దారం పట్టుకుని దాని కిందే కాపురం పెట్టింది. కాలనీ అంతా ఆవిణ్ణి నాయనమ్మ అనే పిలిచేది.

ఆ వేసవిలో నది చిక్కిపోయింది. ఒక టర్బైను పడుకుంది. ఉన్న కరెంటు దిగువనున్న బట్టల మిల్లుకే చాలడం లేదని, చీకటి పడగానే కాలనీ లైను ఆపెయ్యమన్నాడు సూపరింటెండెంటు. ఆయన బంగళా మాత్రం పెళ్ళివారిల్లులా ధగధగలాడుతూనే ఉంది.

"అదేంట్రా, ఆయన ఇంటికి నది వేరా?" అంది నాయనమ్మ.

"బంగళాది పవర్‌హౌస్ లైనమ్మా, ఆపడం కుదరదు. నువ్వెళ్ళి నోరు చేసుకోకు, నా ఉద్యోగం ఊడుతుంది," అన్నాడు ఫోర్‌మన్.

"నోరెత్తితే ఒట్టు!"

మర్నాడు సాయంత్రం కుట్టు బుట్ట చంకనెట్టుకుని, కోడల్ని వెంటేసుకుని బంగళా వరండాలో చతికిలబడింది.

"ఏం పెద్దమ్మగారూ, ఇలా వచ్చారు?" అన్నాడు సూపరింటెండెంటు తెల్లబోయి.

"వెలుతురు కోసం బాబూ. నీ పని నువ్వు చూసుకో. మేం లేమనుకో."

ఆ మరుసటి సాయంత్రానికి ఫిట్టరు భార్య కవల పిల్లల్ని తెచ్చింది. ఒకడు ఆపితే రెండోవాడు అందుకుంటున్నాడు. బడిపంతులు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి ఎక్కాలు అరిపించాడు. మంగలి సూపరింటెండెంటు పడక్కుర్చీలోనే స్టోరుకీపర్ని కూర్చోబెట్టి గడ్డానికి నురగ పూశాడు. నాయనమ్మ నోరెత్తలేదు. ముసిముసిగా నవ్వుకుంటూ బొత్తాలు కుట్టుకుంది.

"వీళ్ళని పంపించెయ్యవే!" అని భార్య మీద విరుచుకుపడ్డాడు సూపరింటెండెంటు.

నాయనమ్మ పక్కనే కూర్చుని స్వెట్టరు అల్లడం నేర్చుకుంటున్న ఆవిడ తలెత్తలేదు. "ఉండండీ, అల్లిక తప్పిపోతుంది."

చివరికి ఫోర్‌మన్‌ని పిలిపించాడు. "ఏమిటయ్యా మీ అమ్మగారి ఆగడం?"

"ఏమైనా అందాండీ?" అన్నాడు ఫోర్‌మన్ భయపడుతూ.

"ఒక్క మాట అంటే ఒట్టు! ఏదైనా అంటే ఎదురు మాటైనా అనేవాణ్ణి కదా!"

తెల్లారగానే సూపరింటెండెంటు మిల్లుకి పరిగెత్తాడు. సాయంత్రం పూట సగం మగ్గాలు ఆపడానికి మేనేజర్ని ఒప్పించి, కాలనీలో ఇంటికో బల్బు వెలిగించుకోవచ్చని చాటించాడు. ఆ సాయంత్రం కాలనీ మిలమిలలాడింది. బంగళాకి పురుగు కూడా రాలేదు. ఆయన పడక్కుర్చీలో కాళ్ళు చాపి "హమ్మయ్య!" అనుకున్నాడు.

లోపల్నించి భార్య ఉన్నిబంతి పట్టుకుని మెట్లు దిగుతోంది.

"నాయనమ్మ ఇంటికెళ్తున్నా. స్వెట్టరు చేతుల దగ్గర అల్లిక కుదరటం లేదు. అన్నం మూత పెట్టి ఉంచాను, వడ్డించుకు తినండి."